గాయబానా ఇష్క్‌కి టికెట్ అడగొద్దు

చూడని నాటకానికి అభిమాని కావడం కుదరదట. ఈ ఫర్మానా ఈమధ్య చాలాచోట్ల వినిపిస్తోంది. పాటలతో నడిచే నాటకాన్ని హాల్లో కూర్చుని చూసినవాడే అసలైన అభిమాని అంటున్నారు. రికార్డు విన్నవాడు, ఫోన్లో చూసినవాడు పక్కింటి పెళ్ళి బాజాని గోడ ఇవతల నుంచి విన్నవాడి కింద లెక్క. ఈ మాట అనేవాళ్ళు ఎక్కువగా న్యూయార్క్‌లోనో లండన్‌లోనో ఒక సాయంత్రం గడిపి వచ్చినవాళ్ళు. వాళ్ళ షౌక్‌కి నా సలాం. వాళ్ళ దలీల్ మీదే నా గొడవంతా.

గొడవకి కారణం ఉంది. మా చెల్లెలి కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఒక చెవి పనిచేయని ఇయర్‌ఫోన్‌తో ‘హామిల్టన్’ అనే అమెరికన్ మ్యూజికల్ మొత్తం విని విని కంఠతా పట్టింది. కాలేజీ సెమినార్లో దానిమీద పేపర్ చదివింది. బయటినుంచి వచ్చిన జడ్జిగారు వేసిన మొదటి సవాల్, “న్యూయార్క్‌లో చూశావా అమ్మా?” లేదు సార్. “పోనీ, లండన్‌లో?” లేదు సార్. “మరి చూడని నాటకం గురించి ఏం చెప్తావు?” హాలంతా నవ్వింది. పేపర్లో ఆయన ఒక్క తప్పూ చూపించలేదు. చూపించే అవసరమే రాలేదు. రాత్రి నాకు ఫోన్ చేసి అడిగింది. “మామూ, దేఖే నై తో హమారా నై హోతా క్యా?” చూడకపోతే మనది కాదా అని.

హోతా హై బేటా. ఎందుకవుతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నా. ఆ జడ్జిగారి కంట పడితే ఇంకా మంచిది.

ముందు హిసాబ్ చూద్దాం. హామిల్టన్ ఆడుతున్న న్యూయార్క్‌లోని రిచర్డ్ రోజర్స్ థియేటర్లో సీట్లు సుమారు 1,300. వారానికి 8 ఆటలు. ఒక్క సీటూ ఖాళీ లేకుండా, ఒక్క వారమూ ఆగకుండా ఆడినా ఏడాదికి చూసేది ఐదు లక్షల నలభై వేల మంది. హైదరాబాద్ జనాభా కోటి అనుకుంటే, మన ఒక్క నగరానికి చూపించడానికే పద్దెనిమిదేళ్ళు దాటుతుంది. అదీ న్యూయార్క్ వాళ్ళెవరూ మధ్యలో దూరకుండా ఉంటే! ఇక ధర. 2016 జూన్‌లో అక్కడ అన్నిటికన్నా ఖరీదైన సీటు 849 డాలర్లకి పెంచారు. అప్పటి మారకంలో యాభై వేల రూపాయల పైమాటే. రోజూ కొన్ని సీట్లు లాటరీలో 10 డాలర్లకి ఇచ్చేవాళ్ళు, హామిల్టన్ బొమ్మ ఉన్నది పది డాలర్ల నోటు మీదే కాబట్టి. ఖూబ్. ఆ లాటరీ తగలాలన్నా ముందు అమెరికాలో ఉండాలి కదా. ‘నాటకం చూడ్డానికి వెళ్తున్నా సార్’ అని వీసా కిటికీ దగ్గర చెప్పడానికి, పేరులో షేక్‌లూ ఖాన్‌లూ ఉన్న కుర్రవాడికి ఎంత ధైర్యం కావాలో ఈ బ్లాగు చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి ‘చూశావా?’ అన్న సవాల్ వినడానికి కళ గురించి అడిగినట్టుంటుంది గానీ, అడిగేది జేబు గురించి, పాస్‌పోర్టు గురించి. జేబు గురించి మొహం మీద అడగడం మర్యాద కాదు గనక కళ పేరుతో అడుగుతారు.

హామిల్టన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమెరికా మొదటి ఖజానా మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ జీవితం. కరీబియన్ దీవుల్లో పుట్టి, చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని, కలాన్ని నమ్ముకుని న్యూయార్క్ చేరిన కుర్రవాడు. రాన్ చెర్నో రాసిన జీవితచరిత్ర చదివి లిన్-మాన్యుయెల్ మిరాండా దాన్ని ర్యాప్‌లో, హిప్‌హాప్‌లో కట్టాడు. జార్జి వాషింగ్టన్, జెఫర్సన్ లాంటి తెల్ల పెద్దమనుషుల వేషాలు నల్లవాళ్ళకి, లాటినో వాళ్ళకి ఇచ్చాడు. దేశం కథ ఎవరిది, దాన్ని ఎవరి నోటితో చెప్పాలి అన్నదే అందులోని అసలు సవాల్. అది కర్నూలు పిల్లకి ఎందుకు తగిలిందో ఆలోచించండి. ఇక్కడే పుట్టి, ఇక్కడే చచ్చి, పాఠ్యపుస్తకంలో మాత్రం ‘దండెత్తి వచ్చినవాళ్ళు’ అన్న పేరాలో కనిపించే కౌమ్ పిల్లకి ఆ సవాల్ అర్థం కావడానికి న్యూయార్క్ సీటు కావాలా?

ఇప్పుడు రికార్డు సంగతి. నాటకం బ్రాడ్వేలో మొదలైంది 2015 ఆగస్టులో. పాటల ఆల్బమ్ సెప్టెంబరులోనే వచ్చేసింది. మొత్తం 46 ట్రాకులు, రెండు గంటల ఇరవై నిమిషాల పైన. పాటల మధ్య మాటలు దాదాపు లేని నాటకం ఇది, అంతా పాటే. అందుకని ఆల్బమ్ అంటే పాటలు ఏరి వేసిన కేసెట్ లాంటిది కాదు, ఇంచుమించు నాటకమే. ఒక చిన్న సీను మాత్రం, హాల్లో చూసేవాళ్ళకి దాచిపెట్టాలని మిరాండా కావాలనే వదిలేశాడు. ఆ వదిలెయ్యడంలోనే తెలుస్తోంది కదా, మిగతాదంతా వినేవాళ్ళ చేతిలో పెట్టానన్న ఇరాదా అతనికి ఉందని!

అసలు ఈ నాటకానికి అభిమానులు నాటకం పుట్టకముందే పుట్టారు. 2009 మేలో ఒబామా వైట్‌హౌస్‌లో జరిగిన కవితా మహఫిల్లో మిరాండా మొదటి పాట పాడాడు. అప్పటికి నాటకం లేదు, స్టేజీ లేదు, టికెట్ లేదు. ఆ వీడియో యూట్యూబులో చూసి ఆరేళ్ళు ఎదురుచూసినవాళ్ళున్నారు. వాళ్ళని ఏమంటారు జనాబ్? లేని నాటకానికి అభిమానులైన దీవానాలనా?

మరో మాట. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి బ్రాడ్వే మూతపడింది. మళ్ళీ 2021 సెప్టెంబరులో గానీ హామిల్టన్ అక్కడ తెర ఎత్తలేదు. ఏడాదిన్నర పాటు ఆ వీధిలో ‘లైవ్’ అన్నది సున్నా. ఆ మధ్యలో, 2020 జులై 3న, నాలుగేళ్ళ ముందు అసలు నటులతో తీసి పెట్టిన హామిల్టన్ చిత్రీకరణ డిస్నీ వాళ్ళ ఓటీటీలో వచ్చింది. ప్రపంచం మొత్తం ఇళ్ళల్లో కూర్చుని చూసింది. ‘లైవ్ చూడనివాడు అభిమాని కాడు’ అనేవాళ్ళ లెక్క ప్రకారం ఆ రోజుల్లో ఆ నాటకానికి కొత్తగా ఒక్క అభిమానీ పుట్టి ఉండకూడదు. పుట్టారా లేదా, మీ ఇంట్లో పిల్లల్ని అడగండి.

సరే, లైవ్‌లో ఏమీ లేదంటున్నానా? తౌబా. బేషక్ ఉంది. ఒకదానిలో ఒకటి తిరిగే రెండు చక్రాల వేదిక మీద ఆ నాటకం నడుస్తుంది. కాలం వెనక్కి తిరిగినట్టు ఒక సీనంతా ఆ చక్రాల మీదే వెనక్కి తిరుగుతుంది. గుంపులో నాట్యం చేసే ఒకామె తూటాగా మారి, చివరి ద్వంద్వయుద్ధం దాకా మృత్యువులా అక్కడక్కడా కనిపిస్తుంది. ఆమెకి పాటలో మాట లేదు, కాబట్టి ఆల్బమ్ విన్నవాళ్ళకి ఆమె ఉన్నట్టే తెలీదు. ఇది నష్టమే. పదమూడు వందల మంది ఒకేసారి ఊపిరి బిగపట్టే చీకటిలో కూర్చోవడం ఇంకో నేమత్. వీటిని చూసినవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళు చెప్తే నేను చెవులప్పగించి వింటా.

కానీ లెక్క రెండువైపులా రాయాలి. ఆ నాటకంలో 20 వేలకు పైగా పదాలున్నాయి, చాలావరకు ర్యాప్ వేగంలో. సీట్లో కూర్చున్నవాడికి అవి ఒక్కసారే వినిపిస్తాయి. సగం చెవిన పడకుండానే దాటిపోతాయి. నాలుగు వందల సార్లు విన్న పిల్లకి మొదటి పాటలో వచ్చిన స్వరం ఆఖరి పాటలో ఎక్కడ మళ్ళీ వచ్చిందో తెలుసు. ఏ ప్రాస ఏ పాత్ర గుణాన్ని పట్టిస్తుందో తెలుసు. చూసినవాడికి తెలిసింది ఆమెకి తెలీదు, ఆమెకి తెలిసింది చూసినవాడికి తెలీదు. ఇద్దరూ ఒక దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని పంచుకోవాల్సిన సంగతికి ఒకరు దర్బాన్ వేషం కట్టి తలుపు దగ్గర నిలబడటం ఏం తహజీబ్?

ఇంతకీ ఏ లైవ్ చూసినట్టు? 2016 జులైలోనే మిరాండా ఆ వేషం వదిలేశాడు. అసలు నటుల్లో ముఖ్యులు కొందరు కూడా ఆ వేసవిలోనే వెళ్ళిపోయారు. ఆ తర్వాత సీటు కొన్నవాళ్ళు చూసింది వేరే నటుల్ని. బాగానే చూశారు, మంచి నటులే. కానీ హాల్లోకి వెళ్ళేముందు వాళ్ళూ ఆల్బమ్ వినే వెళ్ళారు. ఆల్బమ్‌లో విన్న గొంతుతో స్టేజీ మీది గొంతుని పోల్చుకుంటూ చూశారు. అంటే టికెట్ ఉన్నవాడు కూడా గాయబానా అభిమానిగానే మొదలయ్యాడు.

ఇది హామిల్టన్‌తో మొదలైన రివాజు కూడా కాదు. ఆండ్రూ లాయిడ్ వెబర్, టిమ్ రైస్ అనే ఇద్దరు కుర్రాళ్ళు హజ్రత్ ఈసా ఆఖరి రోజుల మీద ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ కడితే, స్టేజీ ఎక్కించడానికి డబ్బు పెట్టేవాడు దొరకలేదు. 1970లో రికార్డుగా వేశారు. అమెరికాలో అది విరగబడి అమ్ముడుపోయింది. బ్రాడ్వేలో నాటకంగా వచ్చింది 1971 అక్టోబరులో. ఈలోగా రికార్డు విన్న జనం ఇజాజత్ కూడా అడక్కుండా ఊళ్ళల్లో కచేరీలు పెట్టేశారు. ‘ఎవీటా’ కూడా అంతే, రికార్డు 1976లో, నాటకం 1978లో. ‘లే మిజరాబ్’ సంగతి ఇంకా మజాగా ఉంటుంది. 1980లో ఫ్రెంచిలో రికార్డు వచ్చింది, పారిస్‌లో కొన్ని నెలలు ఆడింది, ఆగిపోయింది. తర్వాత ఆ రికార్డు ఇంగ్లండులో కామెరాన్ మెకింతోష్ అనే నిర్మాత చేతికి వచ్చింది. విన్నాడు, ఫిదా అయ్యాడు, 1985లో లండన్‌లో ఇంగ్లీషు నాటకం నిలబెట్టాడు. ప్రపంచమంతా ఆడిన నాటకానికి పునాది ఒక వినికిడి. మన జడ్జిగారు ఆ రోజు మెకింతోష్ పక్కన ఉంటే, “పారిస్‌లో చూశావా నాయనా?” అని అడిగి ఇంటికి పంపేసేవారు.

పరాయి దేశాల మాట ఎందుకు, మన ఇంట్లో వెతుకుదాం. ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత డిగ్రీకి తెలుగు తీసుకున్నవాణ్ణి నేను. రెండు క్లాసుల్లోనూ నాకు చెప్పిన పాఠం ఒకటే. ఉర్దూలో దాన్ని గాయబానా ఇష్క్ అంటారు, కంటి ముందు లేనివాళ్ళ మీద పుట్టే ప్రేమ. జాయసీ అనే సూఫీ కవి ‘పద్మావత్’లో హీరామన్ అనే చిలక చెప్పిన మాటలు విని రత్నసేనుడు రాజ్యం వదిలి జోగి అయిపోతాడు. తెలుగులోకి వస్తే దమయంతి హంస మాట విని నలుణ్ణి వరిస్తుంది. భాగవతంలో రుక్మిణి వచ్చేపోయేవాళ్ళు చెప్పగా విన్న కృష్ణుడికే మనసిచ్చింది. ‘ద్వారకలో చూశావా అమ్మా?’ అని రుక్మిణిని అడిగినవాడు అన్న రుక్మి లాంటివాడే అయి ఉంటాడు.

కావ్యాల సంగతి అలా ఉంచండి, నాటకాల సంగతే చెప్తా. 1850ల్లో లక్నోలో అమానత్ అనే కవి ‘ఇందర్ సభ’ రాశాడు. ఇంద్రుడి కొలువు, పరీలు, ఒక షహజాదా, మొదటినుంచి చివరిదాకా పాటలు, ఘజళ్ళు, ఠుమ్రీలు. ఉర్దూలో పాటల నాటకానికి అదే పెద్దక్క. అది ఆడిన ఊళ్ళకన్నా అచ్చయి చేరిన ఊళ్ళే ఎక్కువ. ఉర్దూ లిపిలో, నాగరిలో, గుజరాతీలో చిన్నచిన్న కితాబులుగా బజార్లో అమ్మేవాళ్ళు. 1892లో జర్మనీలో ఫ్రీడ్రిక్ రోజెన్ దాన్ని అనువదించి అచ్చు వేశాడు. లైప్‌జిగ్‌లో దాన్ని చదివిన జర్మన్లు ఏ లక్నో హాల్లో సీటు కొన్నారు? అదే ప్రాంతంలో మన బందరులో నాదెళ్ళ పురుషోత్తమ కవి తెలుగు లిపిలో హిందుస్తానీ నాటకాలు రాసి ఆడించారు. పాటల నాటకం ఒక భాషలో, ఒక ఊళ్ళో, ఒక హాల్లో ఎప్పుడూ కాళ్ళు ముడుచుకుని కూర్చోలేదు.

ఇక పద్యనాటకం. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి, ఈలపాట రఘురామయ్య, పీసపాటి, షణ్ముఖి. ఈ పేర్లు చెప్తే ఇప్పటికీ కళ్ళు చెమర్చే పెద్దవాళ్ళున్నారు. వీళ్ళని స్టేజీ మీద చూసినవాళ్ళెందరు, గొంతు మాత్రమే విన్నవాళ్ళెందరు? ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు పట్టే గ్రామఫోను ప్లేట్లు టీ హోటళ్ళలో తిరిగాయి. 1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక గొంతు ఇళ్ళల్లోకి వచ్చింది. కేసెట్ల కాలంలో బందరు డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర కాటి సీను ఆటోల్లో కూడా మోగింది. తెల్లవార్లూ నడిచే నాటకానికి ఇంటి ఆడవాళ్ళని పంపే రివాజు ఎన్ని ఇళ్ళల్లో ఉండేది? మా ఇళ్ళల్లో పర్దా, పక్క ఇళ్ళల్లో పరువు. ఊరి చివర వాడల నుంచి వచ్చినవాళ్ళకి పందిట్లో ఎక్కడ చోటు దొరికేదో అందరికీ తెలుసు. పందిట్లో చోటు దొరకనివాళ్ళకి గాలిలో దొరికింది. వంటింట్లో పెనం మీద రొట్టె కాలుస్తూ పద్యం పూర్తిచేసిన ఆడవాళ్ళని ‘నువ్వు అభిమానివి కాదు’ అనే హక్కు ఎవరికుంది?

కాటి సీను అంటే గుర్తొచ్చింది. బలిజేపల్లి వారి హరిశ్చంద్రలో జనం ప్రాణం పెట్టే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు, జాషువావి. ఆయన శ్మశానం మీద రాసిన ఖండకావ్యంలోంచి నటులు తెచ్చి కలుపుకున్నారు. విన్నవాళ్ళు వాటిని నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు అవి లేకుండా కాటి సీను వేస్తే జనం ఊరుకోరు. ‘అసలు నాటకం’ అనే పవిత్రమైన వస్తువు ఒకటి స్టేజీ మీద ఉంటుందనీ, బయటివాళ్ళకి దాని నీడే దక్కుతుందనీ అనుకునేవాళ్ళు దీనికి జవాబ్ చెప్పాలి.

ఇప్పుడు వాళ్ళ గట్టి ఎతరాజ్‌కి వద్దాం. ‘మీరిలా మాట్లాడితే దొంగచాటు వీడియోలని వెనకేసుకొచ్చినట్టే. హాల్లో ఫోన్ దాచి తీసి నెట్లో పెడతారు. నటులు, వాద్యకారులు, తెర లాగేవాళ్ళు, వాళ్ళ రోజీరోటీ ఏం కావాలి?’ ఇది న్యాయమైన మాట. దొంగచాటు వీడియో నటుడి ఇజాజత్ లేకుండా అతని మేహనత్‌ని తీసుకోవడమే. నేను దాన్ని సమర్థించను. కానీ దానికి ఇలాజ్ అభిమానిని వెక్కిరించడం కాదు. న్యాయంగా రికార్డు చేసి, న్యాయమైన ధరకి ఇచ్చి, పనిచేసినవాళ్ళకి వాటా ఇవ్వడం. కుదరదంటారా? హామిల్టన్ మొదటి నటులు 2016లో గట్టిగా అడిగి నాటకం లాభాల్లో వాటా సాధించుకున్నారు. లండన్ నేషనల్ థియేటర్ 2009 నుంచి తన నాటకాలని సినిమాహాళ్ళకి పంపుతోంది. ఆ థియేటరేమీ మూతపడలేదు.

అన్నిటికన్నా మండే సంగతి ఇంకోటి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో 1970 నుంచి బ్రాడ్వే నాటకాలని వీడియో తీసి దాస్తున్నారు. గొప్ప పనే, షుక్రియా. కానీ ఆ వీడియోలు ఆ భవనంలోకి వెళ్ళి, పరిశోధనో వృత్తో కారణం చూపించి, అక్కడే కూర్చుని చూడాలి. నిర్మాతలతో, నటుల సంఘాలతో ఒప్పందాలు అలా ఉన్నాయి. అర్థం చేసుకోగలను. కానీ ఒప్పందాలు మనుషులు రాసుకున్నవే. యాభై ఏళ్ళ పాటల నాటకం తాళం వేసిన గదిలో పెట్టి, బయట ఉన్నవాణ్ణి ‘నువ్వు చూడలేదుగా’ అనడం, బావి మీద మూత పెట్టి దాహమేసినవాణ్ణి నవ్వడం లాంటిది.

మన దగ్గర ఆ తాళం వేసిన గది కూడా లేదు. 1885 నుంచి కుటుంబాలకి కుటుంబాలు స్టేజీ మీదే పుట్టి పెరిగిన సురభి ఉంది. మిగిలిన పద్యనాటక సమాజాలున్నాయి. వాళ్ళ నాటకాలని మంచి కెమెరాలతో, మంచి మైకులతో మొదటినుంచి చివరిదాకా తీసి, నటులకి సరైన ముఆవజా ఇచ్చి, జనానికి ఉచితంగా వదిలే పని రెండు రాష్ట్రాల సర్కార్లకి మోయలేని బరువేం కాదు. అవార్డుల సభలకి పూలదండల ఖర్చు తగ్గించినా కొన్ని నాటకాలు తియ్యొచ్చు. ఇవాళ తీయకపోతే రేపు తీయడానికి ఆ గొంతులుండవు.

హాల్లో చూసిన పెద్దలకి నా అర్జీ ఒకటే. మీరు చూసింది మాకు చెప్పండి. తూటా వేషం వేసినామె ఎలా నడిచిందో, చక్రం ఎటు తిరిగిందో, ఆఖర్న ఎవరు ఏడ్చారో చెప్పండి. హీరామన్ చిలక ఆ పనే చేసింది, దమయంతి హంస ఆ పనే చేసింది. మీకు ఆ చిలక ఉద్యోగం ఇస్తుంటే, గేటు దగ్గర టికెట్లు చింపే ఉద్యోగం కావాలంటారేం?